జోడీదారు రాని సాంచె

సూరత్ పట్నం ఉధ్నాల, రైలు పట్టాల దిక్కు పోయే గల్లీల ఒక పొడుగు గోడ ఉన్నది. పొద్దుగూకినంక ఆ గోడ పొంటి ఎవ్వలు సప్పుడు చేసుకుంట పోరు. సైకిల్ మీద పోయేటోడు గంట కొట్టడు. డ్యూటీకి పోయేటోళ్లు టిఫిన్ డబ్బా మూతను బొటనవేలుతోని అదిమి పట్టుకుంటరు. తాళం చెవుల గుత్తి ఉంటే రుమాల్ల మూటగట్టి జేబుల కుక్కుతరు. కొత్తగ ఊర్లకెళ్లి వచ్చినోడు ఎవడన్న "గిదేం తమాషానే?" అని నవ్వితే, పక్కనున్నోడు వాని మూతి మూస్తడు. "ముందుగాల గోడ దాటు... తర్వాత చెప్త."

దాటినంక చెప్పే ముచ్చట ఇదే. జర నిమ్మళంగ వినుండ్రి, నడుమ నడుమ అడ్డం రాకుండ్రి.

ఆ గోడ ఎన్క మూతపడ్డ ఖాతా ఉన్నది. సాంచెల షెడ్డును, అంటే కరెంటు మగ్గాల షెడ్డును, సూరత్‌ల ఖాతా అంటరు. ఒకప్పుడు అండ్ల పగలు రాత్రి సాంచెలు ఆడేటియి. ఇప్పుడు ఒక్కటి లేదు. తుక్కోళ్లు బోల్టులతో సహా ఇప్పుకొని పోయిన్రు. మీద రేకులు సగం లేవు, కరెంటు లేదు, కావలోడు లేడు. వాన దంచికొట్టినా కుక్క సుత లోపటికి పోదు. అయినా చీకటి పడ్డంక గోడ అవతల్కెళ్లి...

ఠక్... ఠక్... ఠక్.

ఆగుతది. ఎవ్వలకోసమో ఎదురుచూసినట్టు ఆగుతది. మళ్ల... ఠక్... ఠక్... ఠక్.

అది ఆగయ్య అంటరు.

సాంచెలు ఆడే కాడ మాట వినవడదు. పక్కనోని చెవుల నోరు పెట్టి ఒర్రినా వినవడదు. అందుకే డ్యూటీ మారేటప్పుడు ఉధ్నా ఖాతాలన్నింట్ల ఒక రివాజు ఉండె. దిగిపోయేటోడు పానాతోని సాంచె ఇనుపకాలు మీద మూడు దెబ్బలు కొడతడు — నేను పోతున్న, సాంచె నువ్వు తీస్కో అని. ఎక్కేటోడు, అంటే వాని జోడీదారు, తిరిగి మూడు కొడతడు — తీస్కున్న, నువ్వు పో అని. ఆ దెబ్బలు చెవికి కాదు, ఇనుము మీద పెట్టిన చేతికి తెలుస్తయి. మారు దెబ్బ పడనిదే సాంచె ఇడిచి పోరాదు. శేఠు తిడ్తడని కాదు... అది కారిగర్ల, అంటే సాంచెలు ఆడిచ్చేటోళ్ల, నడుమ మాట.

ఆగయ్యది రాత్రి డ్యూటీ. తెల్లారింది. మూడు దెబ్బలు కొట్టిండు. జోడీదారు రాలే. సరే, ఏదో ఆలస్యమైంది అనుకొని పగలంతా తనే ఆడిచ్చిండు. పొద్దుగూకింది. మళ్ల కొట్టిండు. వాడు రాలే. ఇంకో రాత్రి సుత సాంచె మీదనే నిలవడ్డడు. ఎప్పుడు కూలిండో ఎవ్వలు చూడలే. చూసేసరికి మనిషి సాంచె మీద బోర్ల పడి ఉన్నడు, చేతిల పానా పట్టింది పట్టినట్టే ఉన్నది. సాంచె మాత్రం నడుస్తనే ఉన్నది!

ఆ జోడీదారు ఎవడంటే... ఎవడో కొత్తోడు. పేరు సుత ఎవ్వలకు సరిగ యాదికి లేదు. మళ్ల ఆ దిక్కు రాలే. తర్వాత ఖాతా మూతపడ్డది, పనోళ్లు తలా ఒక దిక్కు పోయిన్రు.

అప్పట్నుంచి గల్లీల ఒక్కటే మాట. వినవడ్డా విననట్టు పో. తిరిగి మాత్రం కొట్టకు. కొట్టినవా... సాంచె ఇగ నీదే.

ఇగ సదానందం సంగతి.

సదానందం ఆ గల్లీ మలుపుల ఇంజన్ల మెకానిక్. అంతకు ముందు ఆయన సుత సాంచెలు ఆడిచ్చినోడే, వేరే ఖాతాల. ఆయన సాంచెలను ఇడిచిపెట్టిండు గాని, అవి ఆయనను ఉత్తగ ఇడిచిపెట్టలే. పోతపోత రెండు చెవులు తీస్కపోయినయి.

చెవిటి మెకానిక్! గీ మాట బయట పడితే ఎవడన్న బండి తెస్తడా? ఇంజన్ రోగం సప్పుడుతోనే గదా తెలిసేది. అందుకే ఆ సంగతి ఈ దునియాల ఒక్క జమునకే ఎర్క. జమున ఆయన పెండ్లాం.

మనిషి ఎదురుంగ ఉంటే పెదవులు చూసి మాట పట్టేటోడు. సాంచెలకాడ పనిచేసినోళ్లకు అది అలవాటే. ఇంజన్ కాడ మాత్రం కట్టె పిడి ఉన్న పొడుగు పేచ్‌కస్, అదే స్క్రూడ్రైవర్, తీసేటోడు. దాని మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవి ఎన్క ఎముకకు, అదే బొక్కకు, ఆనిచ్చి కండ్లు మూసేటోడు. చూసేటోళ్లు "అబ్బ, డాక్టర్ లెక్క చూస్తడు రా" అనుకునేది. ఆ బొక్కకు ఎంతో కొంత అదురు అందుతది. అందనిది జమున చెప్తది. ఆమె దుకాణం గడప మీద కూసొని చీరెలకు రాళ్లు అంటించే పని చేస్తది. ఇంజన్ కొట్టుకుంటుంటే కొంగు తల మీదికి గుంజుకుంటది, సాఫ్ ఉంటే దించుతది. అంతే!

ఎదురుంగ లక్ష్మీరాజం చాయ్ బండి. "ఏమమ్మా జమునా, ఇన్నేండ్లాయె, ఇంకా మొగన్ని చూస్తే గంత సిగ్గా?" అని ఆయన ఎక్కిరిచ్చేటోడు. జమున తల వంచుకొని నవ్వేది. గట్ల నడుస్తుండె వాళ్ల బతుకు.

ఒకనాడు రాంప్రసాద్ వచ్చిండు.

రాంప్రసాద్ మన దిక్కోడే. సూరత్ అవతల కిమ్ అనే ఊర్ల ఉంటడు, చిన్న వ్యాన్ల బట్ట తాన్లు నింపుకొని ఉధ్నాకు తోలుతడు. మనిషి ఎప్పుడు గరం. బాగున్నవా అంటే సుత "బాగలేకపోతే నువ్వేమన్న చేస్తవా?" అంటడు. అడగకున్నా ఒక మాట మాత్రం పదిమందికి చెప్పేటోడు. "నాకు సాంచెలు గీంచెలు తెల్వయి. పుట్టినప్పట్నుంచి స్టీరింగే."

వ్యాను ఆపి, కాగితంల చుట్టిన ఇనుప కడ్డీ ఒకటి సదానందం ముంగట పడేసిండు.

"ఇంజన్ల టక్‌టక్ అంటుంది. క్యామ్ షాఫ్టు అరిగిందన్నరు. ఇగో, బజార్ల కొన్న. వెయ్యి."

సదానందం కడ్డీని వెలుతురుకు తిప్పి చూసిండు. కంపెనీది కాదు, బయటి మాల్. "అన్నా, పాతది అరగలేదేమో, ఒకసారి ఇప్పి చూస్త..."

"నిన్ను అడిగిన్నా? వెయ్యి అంటే వెయ్యి!"

వేసిండు. క్యామ్ షాఫ్టు అంటే భయపడేదేం లేదు. ఇంజన్ తలకాయల తిరిగే కడ్డీ అది, దాని మీద గుడ్ల లెక్క మిట్టలుంటయి. ఆ మిట్ట ఎక్కినప్పుడల్ల రాకర్‌ను తొక్కుతది, రాకర్ వాల్వును తొక్కుతది, వాల్వు తెరుచుకుంటది. సాంచెల సుత గసొంటి మిట్టలే ఉంటయి. అందుకే సాంచెలోనికి ఆ పని జల్దీ వంటబట్టింది.

కొత్త కడ్డీ వేసి, తాళం తిప్పి ఇంజన్ చాలు చేసిండు. గడప మీద జమున కొంగు తటాల్న తల మీదికి ఎక్కింది.

అంటే సప్పుడు ఉన్నది. నిజంగనే ఉన్నది.

సదానందం గాబర పడలే. బయటి మాల్ కడ్డీ గుండ్రటి భాగం పాతదానికన్న జర సన్నం ఉన్నది, రాకర్‌కు వాల్వుకు నడుమ సందు పెరిగింది. సందు పెరిగితే కొట్టుకోక ఏం చేస్తది? ఇంజన్ సల్లారనిచ్చి, సన్న రేకు సందుల దూర్చి, వేళ్ల కొసలకు ఆ రేకు జర పట్టి పట్టనట్టు తగిలేదాంక ఒక్కొక్క వాల్వు సరిచేసిండు. చాలు చేస్తే కొంగు సగం దిగింది. ఇంకా ఏదో ఒకటి మిగిలింది. పేచ్‌కస్ ఆనిచ్చి వెతికితే ఒక రాకర్ కాడ అదురు వేరే తీరుగ తగిలింది. తీసి చూస్తే దాని మూతి పాత క్యామ్‌తోని గుంటవడి ఉన్నది. గుంటవడ్డ మూతి కొత్త మిట్ట మీద ఎట్ల కూసుంటది? మార్చిండు. నూనె పైదాంక ఎక్కుతుందో లేదో మూత తీసి చూసిండు. మళ్ల చాలు చేసిండు.

జమున కొంగు పూర్తిగ దించి, చీరె మీదికి వంగింది. సాఫ్!

రాంప్రసాద్ వ్యాను తీస్కపోయిండు. తెల్లారి కండ్లు ఎర్రగ చేస్కొని మళ్ల వచ్చిండు.

"కొడుతుంది."

"ఎక్కడన్నా? ఇగో సాఫ్ ఉన్నది గదా..."

"కొడుతుంది అంటున్న గదా! నా చెవులు దొబ్బినయా? నీ చేతులే బేకార్!"

మళ్ల ఇప్పిండు. అన్ని సందులు సక్కగనే ఉన్నయి. జమున కొంగు దించే ఉన్నది. అయినా చెవిటోనికి లోపట ఒక దొంగభయం ఉంటది చూడుండ్రి... ఏమో, నాకు అందనిది, జమునకు సుత అందనిది ఏమన్న ఉందేమో అని. సప్పుడు లేదంటే తన చెవుల మీదికి మాట వస్తదని, "ఆ అన్నా, జర వస్తుంది, సరిచేస్త" అన్నడు. లేని సప్పుడును ఉన్నదని ఒప్పుకున్నడు. అదే ఆయన చేసిన తప్పు. ఇగ రాంప్రసాద్ దినాం వచ్చుడు, దినాం తిట్టుడు.

"వాని చెవుల పురుగులు పడ్డయా ఏంది?" అని ఇంట్ల జమున గయ్యిమన్నది. "సీసాల నీళ్ల లెక్క నడుస్తుంది ఆ ఇంజన్. ముట్టకు, పొమ్మను."

"పొమ్మంటే గల్లీల ఒర్రుతడు. ఒర్రితే అందరు వచ్చి వింటరు. నేను ఏం విననని తెలుస్తది."

జమున కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ఆఖరుకు ఒకనాడు మాపటికి, జమున చీరెలు అప్పజెప్పొద్దామని పోయిన సమయంల రాంప్రసాద్ వచ్చిండు. సదానందం అటు మల్లి పానాలు తుడుస్తున్నడు. మనిషి వచ్చింది ఆయనకు తెల్వదు. ఎప్పుడో ఊకెనే ఎన్కకు మల్లితే... రాంప్రసాద్ గోడకు ఆనుకొని చేతులు కట్టుకొని నిలవడ్డడు. మొదటిసారి వాని మొఖంల నవ్వు కనవడ్డది.

"ఎంతసేపటి సంది ఒర్రుతున్ననో ఎర్కనా? నీ అమ్మను తిట్టిన, అయ్యను తిట్టిన. నువ్వు పానా తుడుస్తనే ఉన్నవు."

సదానందం చేతిల గుడ్డ జారి కింద పడ్డది.

"చెవిటోనివి," అన్నడు రాంప్రసాద్, పెదవులు బాగ సాగదీసి, కనవడాలని. "చెవిటి మెకానిక్."

"అన్నా... నీ కాల్మొక్త. ఎవ్వలకు చెప్పకు. ఇదొక్కటే ఉన్నది నాకు."

"చెప్ప. కని ఇయ్యాల రాత్రి నాతోని రా. సప్పుడు వచ్చే కాడికే తీస్కపోత. అక్కడ బంద్ చెయ్యి. చెయ్యకుంటే తెల్లారి ఆ చాయ్ బండి కాడ నిలవడి అందరికి చెప్త."

"ఎక్కడ వస్తది సప్పుడు?"

"ఖాతా గోడ కాడ. అక్కడొక్కకాడనే."

జమున వచ్చినంక విని నెత్తి కొట్టుకున్నది. "పోకయ్యా! గోడ కాడనే వచ్చే రోగం ఇంజన్‌ది ఎట్లయితది?"

"సందు గల్లీ గదా. ఇంజన్ సప్పుడు గోడకు తాకి తిరిగి వస్తది, బయట వినవడనిది అక్కడ వినవడ్తది. గంతే." చెప్పిండు గాని, చెప్పేటప్పుడు ఆమె మొఖం చూడలే.

"అయితే ఒక్కటి విను. చేతులు జేబుల్లకెళ్లి తియ్యకు. నువ్వు సాంచెలోనివి... నీ చెయ్యి నీ మాట వినదు."

రాత్రి గల్లీ సద్దుమణిగినంక వ్యాను గోడ పక్క ఆగింది. ఎదురుంగ పనోళ్లు కిరాయికుండే చాళ్ల కిటికీలన్ని మూసే ఉన్నయి, అండ్ల ఒక అర్ర లక్ష్మీరాజంది. వీధిబల్బు లేదు. చీకట్ల చెవిటోనికి కండ్లు సుత పోయినట్టే, ఎదుటోని మూతి కనవడదు. వ్యాను లోపటి చిన్న లైటు ఒక్కటే వెలుగుతుంది. ఆ లైటుల రాంప్రసాద్ మొఖం చెమటతోని మెరుస్తుంది.

ఇంజన్ నడుస్తనే ఉన్నది. సదానందం సీటు లేపి, పేచ్‌కస్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి బొక్కకు ఆనిచ్చిండు. ఒకటి ఎన్క ఒకటి... వాల్వులన్ని ఒకే తీరుగ, నిమ్మళంగ. ఏ రాకర్ సుత తప్పు ఆడుతలేదు.

"వినవడ్తుందా?" అన్నడు రాంప్రసాద్.

"ఆ... వస్తుంది." "అన్నా, రేజ్ ఇయ్యి జర."

రాంప్రసాద్ రేజ్ ఇచ్చిండు. ఇంజన్ ఉరికింది, కాళ్ల కింద వ్యాను వణికింది.

"ఇప్పుడు సప్పుడు జల్దీ అయిందా?"

రాంప్రసాద్ తల అడ్డంగ ఊపిండు. "లేదు. గట్లనే ఉన్నది... మెల్లగ."

సదానందం పేచ్‌కస్ ఎన్కకు తీసిండు. క్యామ్ ఇంజన్‌తోని తిరుగుతది. ఇంజన్ ఉరికితే అదీ ఉరకాలె. వాల్వు సప్పుడైతే దానెంబడే ఉరకాలె. ఉరకకుంటే... అది ఇంజన్ల సప్పుడే కాదు.

"బంద్ చెయ్యి," అన్నడు.

రాంప్రసాద్ తాళం తిప్పిండు. వ్యాను వణుకుడు ఆగింది.

"ఇప్పుడు?"

రాంప్రసాద్ పెదవులు మెదిలినయి. "కొడుతుంది."

సదానందంకు ఏం వినవడ్తలేదు. ఎప్పుడు వినవడేది లేదు. దిగి, జర సేపు నిలవడి, పేచ్‌కస్ మొన గోడకు ఆనిచ్చిండు. పిడిని చెవి ఎన్కకు తెచ్చిండు.

సల్లటి గోడ. ఏం లేదు.

ఏం లేదు...

ఠక్.

ఠక్.

ఠక్.

బొక్కల్లకెళ్లి పండ్లదాంక దిగింది ఆ దెబ్బ. అది ఇనుము మీద పానా దెబ్బ. ఎన్నేండ్లు విన్నడో దాన్ని, చెవితోని కాదు, చేతితోని! నేను పోతున్న, సాంచె నువ్వు తీస్కో. ఎవడో అలిసిపోయినోడు, మస్తు అలిసిపోయినోడు కొడుతున్నడు. సదానందంకు భయం కన్న ముందు ఏడుపొచ్చింది. పాపం, ఎన్నేండ్ల సంది నిలవడ్డవే ఆగయ్యా అనిపిచ్చింది.

జేబుల ఉండాల్సిన చెయ్యి ఎప్పుడు బయటికొచ్చిందో తెల్వదు. రాంప్రసాద్ దిగి పక్కకు వచ్చి, ఆ చేతిల పానా పెట్టిండు. వేళ్లు వాటంతట అవే మూసుకున్నయి. చెయ్యి లేచింది.

"కొట్టు," అన్నడు రాంప్రసాద్. లైటుల పెదవులు కనవడ్డయి. "ఒక్కసారి కొట్టు. సప్పుడు పోతది."

ఇంకో జానెడు పోతే పానా గోడకు తాకుతది...

గప్పుడు రాంప్రసాద్ మొఖం గోడ దిక్కు తిప్పి ఏదో గులిగిండు. చెవిటోడే గదా, వీనికేం వినవడ్తది అనుకున్నడు. వ్యాను లైటు వాని మూతి మీదనే పడుతుందని మర్చిపోయిండు. సాంచెలోడు పెదవులు చదువుతడని సుత మర్చిపోయిండు.

"ఆగయ్యా... నన్ను ఇడిచిపెట్టు. నీకు జోడీదారును తెచ్చిన. వీన్ని తీస్కో."

సదానందం చెయ్యి గాలిల ఆగింది.

ఓర్నీ! సాంచెలు తెల్వదన్నోడు. పుట్టినప్పట్నుంచి స్టీరింగే అన్నోడు. ఆనాడు రాని జోడీదారు వీడే. క్యామ్ లేదు, రాకర్ లేదు, ఆ ఇంజన్‌కు ఏ రోగం లేదు. ఇన్నొద్దులు వీడు విన్నది వీన్ని పిలిచిన పిలుపే! మొదట ఇంజన్ సప్పుడే కావాలె దేవుడా అని కడ్డీ మార్పిచ్చిండు. కాదని తెలిసినంక, మారు దెబ్బ కొట్టెటందుకు ఇంకో సాంచెలోన్ని వెతుక్కున్నడు.

గోడ మీద ఆనిచ్చిన పేచ్‌కస్ మళ్ల అదిరింది. ఠక్... ఠక్... ఠక్. ఇప్పుడు జర దగ్గరగ.

చెయ్యి కిందికి దిగుతలేదు. కొట్టుమని గుంజుతుంది. కొట్టకుంటే ఆ అలిసినోన్ని ఎట్ల ఇడిచిపెడ్తవు అని గుంజుతుంది. దాన్ని ఆపెటందుకు ఒక్కటే మాట ఉన్నది ఆయన కాడ, పెండ్లాం తప్ప ఎవ్వలకు చెప్పని మాట. అది చెప్తే రేపు దుకాణం లేదు. చెప్పకుంటే రేపే లేదు.

సదానందం గుండె నిండ గాలి గుంజుకొని, గల్లీ దద్దరిల్లేటట్టు ఒర్రిండు.

"ఆగయ్యా! నేను చెవిటోణ్ని! నాకు రెండు చెవులు లేవు! నువ్వు కొట్టింది నాకు వినవడలే! నీ జోడీదారు నేను కాదు!"

చాళ్ల ఒకటెన్క ఒకటి లైట్లు వెలిగినయి. కిటికీలు సందుచేసి జనం చూసిన్రు. చెవిటోణ్ని అన్న మాట అందరు విన్నరు. ఇగ దాచెటందుకు ఏం మిగల్లే. చిత్రం చూడుండ్రి, ఆ మాట నోట్లకెళ్లి పోంగనే చెయ్యి సల్లగ కిందికి దిగింది.

రాంప్రసాద్ నిలవడ్డకాడనే కొయ్యబారిండు. సదానందం పానాను వాని కుడి చేతిల పెట్టి, వేళ్లు ఒక్కొక్కటి మూసిండు.

"నీ డ్యూటీ నువ్వే ఎక్కు," అన్నడు.

ఎన్కకు చూడకుంట ఇంటికి నడిచిండు. ఎన్క ఏమైందో ఆయనకు వినవడదు గదా. విన్నది లక్ష్మీరాజం, కిటికీ సందుల్లకెళ్లి.

రాంప్రసాద్ ఏడుస్తున్నడట. "పండుగకు రైలెక్కిన ఆగయ్యా... రెండొద్దులే గదా అనుకున్న... నువ్వు నిలవడ్తవని అనుకోలే..." పానా పట్టిన కుడి చేతిని ఎడమ చేతితోని గుంజుతున్నడట. గుంజినకొద్ది కుడి చెయ్యి గోడ దిక్కు పోతుందట, అది వానిది కానట్టు. లక్ష్మీరాజం కిటికీ మూసిండు. మూసినంక వినవడ్డది. ఈసారి గోడకు ఇవతలి దిక్కు...

ఠక్. ఠక్. ఠక్.

ఇగ సప్పుడు లేదు.

తెల్లారి చూస్తే వ్యాను అక్కడనే ఉన్నది. తలుపు తెరిచే ఉన్నది, తాళం దానికే ఉన్నది, లోపటి లైటు బ్యాటరీ దిగి ఎర్రగ మినుకుతుంది. మనిషి లేడు. పానా లేదు. కిమ్‌ల అడిగితే ఇంటికి రాలేదన్నరు. రైలెక్కి ఊరికి పోయిండని కొందరు, మొఖం చెల్లక ముంబై దిక్కు ఉరికిండని కొందరు. సరే, ఎవని నోటికొచ్చింది వాడు అంటడు.

వ్యానును నలుగురు కలిసి నూకితే చాలు అయింది. జమున పక్కనే నిలవడి విన్నది. "ఒక్క టిక్కు సుత లేదయ్యా," అన్నది, అందరి ముంగటనే, పెదవులు సక్కగ కనవడేటట్టు. ఇగ కొంగుతోని పని లేదు.

సదానందం మాత్రం పేచ్‌కస్ తీస్కపోయి గోడకు ఆనిచ్చిండు. జనమంత ఆయన మొఖమే చూస్తున్నరు. మూడు దెబ్బలు లేవు. బొక్కకు అందింది వేరే... గడగడ గడగడ, ఆగకుంట, పోగు తెగకుంట.

"ఏముంది?" అన్నది జమున.

"సాంచె ఆడుతుంది."

లోపట చూసొచ్చిన్రు ఇద్దరు ధైర్యం చేసి. గడ్డి, విరిగిన రేకులు. ఇంకేం లేదు.

మొదాట్ల చెవిటోడని కొందరు బండ్లు తేలే. సదానందం రాత్రుళ్లు మెలకువతోని బొర్లేటోడు. మెల్లగ మళ్ల రావట్టిన్రు, ఇప్పుడు "ఏం జమునక్కా, ఎట్లుంది సప్పుడు?" అని ఆమెనే అడుగుతరు. ఆమె వింటది, ఆయన చేస్తడు. దుకాణం నిలవడ్డది.

ఇంకోటి సుత అయింది. పొద్దుగూకినంక, డ్యూటీలు మారే యాళ్లకు, ఆ గోడ పొంటి పోయే జనం సదానందం ఎంబడి పడి నడుస్తరు. ఎందుకంటే సప్పుడు మళ్ల మొదలైంది. ఆగయ్య డ్యూటీ దిగిండు, పాపం, వాని ప్రాణం సల్లవడ్డది. కని ఇప్పుడు సాంచె మీదున్నోనికి జోడీదారు కావాలె గదా. "చెవిటోనికేం భయం, ఆయన ఎన్క పోతే మనకేం కాదు" అంటరు. సదానందం చేతులు రెండు చంకల పెట్టుకొని, తల వంచుకొని, జల్దీ జల్దీ నడుస్తడు.

మొన్న జమున అడిగింది. "నీకు వినవడదు గదయ్యా. మరి గంత జల్దీ ఎందుకు నడుస్తవు?"

ఆయన తన కాళ్ల దిక్కు చూపిచ్చిండు.

"కాళ్లకు తెలుస్తుంది," అన్నడు. "ఆగయ్యవి మూడే దెబ్బలు. కొట్టి, ఆగి చూసేటోడు. వీడు ఆగుతలేడు జమునా... నేను గోడ దాటేదాంక, నా అడుగుకో దెబ్బ కొడుతున్నడు."